చుక్క లేని రిపోర్టు

అల్లుడు ఫోన్ చేసేసరికి నేను పాలకేంద్రంలో పదకొండో క్యాను ముందు నిలబడి ఉన్నాను.

"మామయ్యా, మంచి కబురు. మీ అమ్మాయికి రక్తం పదమూడు" అన్నాడు.

నా చేతిలో లాక్టోమీటరు ఉంది. పాలలో ముంచితే ఎంత లోతుకు దిగిందో దాన్నిబట్టి చిక్కదనం చెప్పే గాజు గొట్టం. అది చూపించిన అంకె చదవకుండానే బయటికి లాగాను.

"పోయిన నెల ఎంత?"

"పది పాయింట్ ఒకటి. నెల తిరక్కుండా మూడు పెరిగింది. అంతా పెద్దత్తయ్య తిండి మహిమ. పైగా రిపోర్టులో ఒక్క చుక్క లేదు. ఈసారి అన్నీ శుభ్రం."

చుక్క సంగతి నాకు తెలుసు. ఏ అంకె హద్దు దాటితే దాని పక్కన ల్యాబు మిషను ఒక నల్ల చుక్క వేస్తుంది. అమ్మాయికి కడుపు నిలిచినప్పటి నుంచి హిమోగ్లోబిన్ పక్కన చుక్క పడుతూనే ఉంది, తక్కువని. ఇంటిల్లిపాదీ ఆ చుక్కను చెరపడానికి కంకణం కట్టుకున్నారు. ఇప్పుడు చెరిగింది.

"కాళ్లు?" అని అడిగాను.

"వాచాయి. ఎనిమిదో నెల నిండాక అది మామూలేగా. నా చెప్పులేసుకుని తిరుగుతోంది" అని నవ్వాడు.

"నొప్పులేమైనా?"

"రాత్రి కొంచెం గ్యాస్ పట్టింది. కుడివైపు, పక్కటెముకల కింద. పెద్దత్తయ్య మాత్ర వేసింది. మీరు ఊరికే కంగారు..."

ఫోన్ పెట్టేశాను.

వరసలో ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. కేంద్రం మూసేస్తున్నానని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ముప్పై ఏళ్లుగా నేను ఆ బల్ల ముందే ఉన్నాను. జ్వరమొచ్చినా మానలేదు. నా మొహం చూస్తే పాలు విరుగుతాయని వెనక చెప్పుకుంటారు, ఎదుట మాట్లాడరు. నాలుగు గేదెల ముసలాయన ఒక్కడే ధైర్యం చేసి, మరి ఈ పాలన్నీ మేమే తాగాలా అన్నాడు. తాగండి, ఒళ్లొస్తుంది అన్నాను. తాళం వేసి బస్సెక్కాను.

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. కాలు కాలిన పిల్లిలా డ్రైవరు వెనక నుంచి తలుపు దాకా, తలుపు నుంచి డ్రైవరు దాకా తిరిగాను. నిలబడితే బస్సు తొందరగా పోతుందా పెద్దాయనా అని కండక్టరు ఎగతాళి చేశాడు. పోదని నాకూ తెలుసు.

పాల పనిలో మొదటి రోజే ఒకటి నేర్పుతారు. అంకె పెరిగితే పాలు బాగున్నట్టు కాదు. వెన్న తీసేసినా అంకె పెరుగుతుంది. నీళ్లు పోస్తే తగ్గుతుంది. రెండూ చేస్తే అంకె సరిగ్గా నిలబడుతుంది, దొంగపాలు దొరపాలలా కనిపిస్తాయి. కాబట్టి అంకె పెరిగినప్పుడు అడగాల్సింది ఒక్కటే. లోపల్నుంచి ఏం పోయింది?

పాలను ఎప్పుడూ అడిగేవాణ్ణి. ఇరవై ఆరేళ్ల కింద ఇంట్లో అడగలేదు.

నా భార్యకు ఎనిమిదో నెలలో రక్తం పన్నెండున్నర వచ్చింది. అంతకు ముందు నెల తొమ్మిదిన్నర. ఆ కాగితం జేబులో పెట్టుకుని వరసలో ఉన్న ప్రతివాడికీ చూపించాను. నాలుగో రోజు మూర్ఛలొచ్చాయి. బిడ్డ మిగిలింది. తల్లి మిగల్లేదు. వార్డులో ఒక డాక్టరు, వయసులో నాకంటే చిన్నవాడు, నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాడు. ఆమెకు లోలోపల బీపీ పెరిగింది. రక్తంలోని నీరు నాళాల్లోంచి కారి ఒంట్లోకి పోయింది, ఆ వాపు అదే. మిగిలిన రక్తం చిక్కబడింది. అందుకే అంకె పెరిగింది, రక్తం పెరిగి కాదు. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు మాత్రం పడిపోతూ వచ్చాయి. ఆ వరస ఎవరూ చదవలేదు.

నేను ఏడుస్తానని అతను ఎదురుచూశాడు. నాకు ఏడుపు రాలేదు. పాలు మరగబెడితే జరిగేదే అది. నాకు చెప్పాల్సిన పని కూడా లేదు.

అమ్మాయి ఉండేది బట్టలుతికే కంపెనీ వెనక వీధిలో, ఒక పాత మేడలో. అల్లుడు ఆ కంపెనీ వ్యాను తోలతాడు. హోటళ్ల దుప్పట్లు మాసినవి తెస్తాడు, ఉతికినవి ఇచ్చొస్తాడు. వాళ్ల గదిలో ఎప్పుడూ సబ్బు వాసన.

తలుపు తీసింది వదిన. నా భార్యకు అక్క, అల్లుడు చెప్పిన పెద్దత్తయ్య. తల్లి పోయిన రోజు నుంచి అమ్మాయిని పెంచింది ఆవిడే, కాన్పు దాకా తోడుండాలని వచ్చిందీ ఆవిడే. నాతో మాట్లాడి ఇరవై ఆరేళ్లయింది. చెప్పాల్సింది ఉంటే మధ్యలో ఎవరినో ఒకరిని పెట్టుకుంటుంది. ఎవరూ లేకపోతే గోడకు చెబుతుంది.

"మీ నాన్న వచ్చాడమ్మా, పనిరోజు పూట. గేదెలన్నీ ఒట్టిపోయాయేమో కనుక్కో" అంది లోపలికి చూస్తూ.

అమ్మాయి దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ల కింద ఉబ్బింది. దాన్ని వదిన కళ అంటోంది. ఉంగరం వేలికి బిగుసుకుపోతే సబ్బు రాసి లాగి, రాక వదిలేశారట. వేలు కమిలి ఉంది. కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. వేలు తీసి ఇరవై లెక్కపెట్టాను. గుంట అలాగే ఉంది.

ఫైలు తీయమన్నాను.

మూడు నెలల రిపోర్టులు నేల మీద పక్కపక్కన పరిచాను. హిమోగ్లోబిన్ పది పాయింట్ నాలుగు, పది పాయింట్ ఒకటి, పదమూడు. కాగితం అడుగున ప్లేట్‌లెట్లు. మొదటి నెల రెండు లక్షల అరవై ఒక్క వేలు. తర్వాత లక్షా తొంభై ఎనిమిది వేలు. ఇప్పుడు లక్షా యాభై నాలుగు వేలు. పక్కన హద్దు అచ్చువేసి ఉంది, లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా. లక్షా యాభై నాలుగు వేలు గీతకు ఇవతలే ఉంది. చుక్క పడలేదు.

మిషనును నేను తప్పు పట్టను. అది ఆ రోజు రక్తాన్ని ఆ రోజు వరకే చూస్తుంది. పోయిన నెల కాగితం పక్కన పెట్టుకుని చదవడం మనిషి పని. మూడు కాగితాలూ ఒకే ఫైల్లో, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పక్కపక్కన పెట్టినవాడు లేడు.

తేదీ చూశాను. రక్తం ఇచ్చింది ఆరు రోజుల కింద. అల్లుడు తీరిక చేసుకుని కాగితం తెచ్చింది ఇవాళ పొద్దున. ఈ ఆరు రోజుల్లో అది ఎక్కడిదాకా జారిందో ఎవరికీ తెలియదు.

తర్వాత క్లినిక్ కార్డు. బీపీ గళ్లలో పై అంకెలు నూట ముప్పై ఆరు, నూట ముప్పై ఎనిమిది, మళ్లీ నూట ముప్పై ఎనిమిది. నూట నలభై అయితే ప్రమాదమని ఆ కార్డు వెనకే రాసి ఉంది. మూడుసార్లూ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిన అంకెలు. ఇలాంటివి నేను చాలా చూశాను. ఇవి కొలిస్తే వచ్చిన అంకెలు కావు, ఏరుకున్న అంకెలు.

ఎలా కొలుస్తారని అమ్మాయిని అడిగాను. సిస్టరు ముందు కూర్చోబెట్టి కొలుస్తుందట. పెదవి విరుస్తుందట. ఎండలో నడిచొచ్చావు కదా, ఎడమ పక్కకు తిరిగి కాసేపు పడుకో అంటుందట. అలా పడుకున్నాక పైన ఉన్న చేతికి పట్టీ కట్టి మళ్లీ కొలుస్తుందట. తగ్గుతుందట. తగ్గింది రాస్తుందట.

"మంచావిడ నాన్నా. భయపడకు, మనం తగ్గించేద్దాం అంటుంది" అంది అమ్మాయి.

మా దగ్గరా ఉంది ఈ విద్య. పాలు వేడిగా ఉంటే అంకె తక్కువ చూపిస్తుంది. కావలసినవాడి పాలైతే చల్లారేదాకా ఆగి కొలుస్తాం. కానివాడివైతే వేడి మీదే కొలుస్తాం. రెండూ కొలిచినట్టే. నేనూ చేశాను. అందుకే వాసన పట్టగలను.

"లే. పెద్దాసుపత్రికి పోదాం" అన్నాను.

వదిన మంచానికీ నాకూ మధ్య వచ్చి నిలబడింది. మళ్లీ చూపించుకోవాల్సింది వచ్చే సోమవారమని చెప్పింది. కాగితంలో చుక్క లేదని చెప్పింది. నిండు మనిషిని ఉత్తపుణ్యానికి రోడ్ల వెంట కుదిపితే లేనిపోనిది నెత్తికొస్తుందని చెప్పింది. ఇదంతా అమ్మాయి మొహం చూస్తూనే.

"ఏడో తరగతి గట్టెక్కనాయన డాక్టరయ్యాడు. ఫీజెంతో కనుక్కోమ్మా" అని ముగించింది.

అల్లుడు నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. అమ్మాయి కూడా నవ్వబోయి, మధ్యలో ఆగి, కుడి పక్కటెముకల కింద చెయ్యి అదుముకుంది.

"నువ్వెప్పుడూ ఇంతే నాన్నా. మంచి జరిగితే నీకు నిద్రపట్టదు. రేపు చూద్దాంలే. తల దిమ్ముగా ఉంది, పడుకుంటాను."

స్టవ్ దగ్గర నుంచి కిటికీకి ఆరు అడుగులు. నేను అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. కూర్చోండి మామయ్యా, కళ్లు తిరుగుతున్నాయి అన్నాడు అల్లుడు. కూర్చుంటే ఆ 'రేపు' ఖాయమైపోతుంది. మనుషుల్ని ఒప్పించడం నాకు చేతకాదు. తిట్టడం వచ్చు. ఇక్కడ తిడితే వదిన గెలుస్తుంది. ఇక నా దగ్గర మిగిలింది ఒక్కటే. అది ఇరవై ఆరేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

ఆ ఇంట్లో అందరికీ తెలిసిన కథ వేరు. నా భార్యకు మూర్ఛలు పిడుగులా వచ్చిపడ్డాయని, ముందు చిన్న గుర్తు కూడా లేదని. వదినకు నా మీద ఉన్న కోపం ఆ తర్వాత జరిగినదానికి. పదో రోజు కూడా కాకుండా బిడ్డను తన ఒళ్లో పడేసి పాలకేంద్రానికి పోయానని. ఆ కోపాన్ని నేను కాదనలేదు. అసలుదాని కంటే అది చిన్నది కాబట్టి.

"మీ అమ్మకు హఠాత్తుగా రాలేదు" అన్నాను.

అమ్మాయి కళ్లు తెరిచింది.

"ముందు రోజు రాత్రంతా నొప్పి అంది. ఇప్పుడు నువ్వు చెయ్యి పెట్టుకున్నావే, అక్కడే. తెల్లారి కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నాయి, ఆసుపత్రికి తీసుకెళ్లు అంది. రక్తం పన్నెండున్నర ఉన్నదానికి ఆసుపత్రి దేనికి అన్నాను. గ్యాస్ అన్నాను. సోడా తెచ్చి చేతిలో పెట్టాను. తాగేదాకా కూడా ఆగలేదు. పాలకు టైమైందని పోయాను."

స్టవ్ మీద నీళ్లు మరిగి మూత ఎగురుతోంది. కాసేపటికి అల్లుడు వెళ్లి ఆపాడు.

వదిన నా మొహంలోకి చూసింది. ఆవిడ కళ్ల రంగు నేను మరిచిపోయాను.

"అడిగిందా? తీసుకెళ్లమని నోరు తెరిచి అడిగిందా?"

"రెండుసార్లు."

ఆవిడ వంగి, మంచం కింద నుంచి అల్లుడి చెప్పులు తీసి అమ్మాయి పాదాల ముందు పెట్టింది. లేమ్మా అంది. అమ్మాయి లేచింది. నా వైపు చూడలేదు. వదిన భుజం పట్టుకుని, పొద్దుట నుంచి తనకూ కళ్ల ముందు మిణుకుమిణుకుమంటోందని, కళ్లద్దాలు మార్చాలేమో అనుకున్నానని చెప్పింది. ఆ మాట అంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

వ్యానులో మాసిన దుప్పట్ల మూటలున్నాయి. వాటి మధ్య అమ్మాయిని కూర్చోబెట్టి వదిన పట్టుకుంది. నేను ముందు సీట్లో. అల్లుడికి గేరు రెండుసార్లు పడలేదు. దారిలో క్లినిక్ దగ్గర ఆపమన్నాను. అక్కడి చీటీ లేకపోతే పెద్దాసుపత్రి కాన్పుల వార్డు గుమ్మంలోనే వెనక్కి తిప్పుతారు.

సిస్టరు సన్నగా ఉంది, కొప్పులో పెన్ను గుచ్చుకుని. అమ్మాయిని చూడగానే నవ్వి, అప్పుడే సోమవారం వచ్చేసిందా అంది. కూర్చోబెట్టి కొలవమన్నాను. కొలిచింది. నూట యాభై ఎనిమిది, కింద నూట రెండు. పెదవి విరిచింది.

"నడిచొచ్చినట్టున్నావు. ఎడమ పక్కకు తిరిగి పడుకో తల్లీ."

"వ్యానులో వచ్చింది. పడుకోబెట్టకండి. వచ్చింది రాయండి" అన్నాను.

"మీరు పక్కన నిలబడి కళ్లెర్రజేస్తుంటే నాకే బీపీ పెరుగుతోంది, అమ్మాయికి పెరగదా?"

"పెరిగిందే రాయండి."

ఆవిడ పెన్ను తీసింది కానీ రాయలేదు. గొంతు తగ్గించి చెప్పింది. నూట నలభై అని రాస్తే పంపి తీరాలి. పంపితే అక్కడ పడుకోబెట్టి కొలిచి, బానే ఉంది కదా అని తిప్పి పంపుతారు. ఇలా పంపిన చీట్లు మూడు ఎర్ర సిరాతో వెనక్కి వచ్చాయి, అనవసరంగా పంపవద్దని. ఒక చీటీ పట్టుకొచ్చిన మనిషి, రోజంతా తిప్పలు పెట్టావని అందరి ముందూ తిట్టిపోయాడట. అప్పట్నుంచి తగ్గేదాకా ఆగి రాయడం అలవాటైందట.

"కారణాలు అందరికీ ఉంటాయి" అన్నాను. "నాకూ ఉండింది. పాలకు టైమైంది."

ఆవిడకు అర్థం కాలేదు. వదినకు అర్థమైంది. గోడ వైపు తిరిగింది.

మూత్రంలో ముంచిన కాగితపు పట్టీ పసుపు నుంచి ముదురు ఆకుపచ్చకు తిరిగింది, ఒంట్లోని ప్రోటీను మూత్రంలో పోతోందని దానర్థం. సిస్టరు దాన్ని డబ్బా మీది రంగుల పక్కన పెట్టి చూసింది. వెలుతురులోకి తీసుకెళ్లి మళ్లీ చూసింది. ఈసారి ఇంకో పరీక్ష చేద్దామని అనలేదు. వచ్చిన అంకెలు వచ్చినట్టే చీటీలో రాసింది. వ్యాను దాకా వచ్చి అమ్మాయి చెయ్యి పట్టుకోబోయింది. నేను తలుపు వేశాను. ఆవిడ మంచిదే కావచ్చు. మంచితనంతో నాకు పనిలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పొట్టిగా, కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడేసుకుని ఉంది. మూడు కాగితాలూ ఆవిడ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఒక్క చూపు చూసి కుర్చీలోంచి లేచింది. నేను పొరపాటుపడి ఉంటే బాగుండునని అప్పటిదాకా లోపల ఒక మూల ఉంది.

రక్తం తీశారు. గంట గడిచింది. ల్యాబు నుంచి కబురొచ్చింది. ప్లేట్‌లెట్లు ఎనభై ఎనిమిది వేలు చూపిస్తోందని, కానీ గొట్టంలో రక్తం పేరుకున్నా అలా తక్కువ చూపిస్తుందని, మళ్లీ తీసి పంపమని. వదిన ప్రాణం లేచొచ్చినట్టు, పేరుకునే ఉంటుంది, పేరుకునే ఉంటుంది అని రెండుసార్లు అంది. మళ్లీ తీశారు. ఇంకో అరగంట. నేను ఆ నడవాలో ఎన్నిసార్లు తిరిగానో, తుడిచే ఆవిడ చివరికి తడిగుడ్డ నా కాళ్ల ముందు పెట్టి, ఇక్కడ ఆగు అన్నయ్యా, ఆరనీ అంది. ఆరలేదు. నేను ఆగలేదు.

రెండో గొట్టంలో ఎనభై ఆరు వేలు.

డాక్టరమ్మ మమ్మల్ని నిలబెట్టే చెప్పింది. బీపీ కాలేయం దాకా పోయింది. ఆ నొప్పి గ్యాస్ కాదు, కాలేయం వాపు. రక్తం చిక్కబడింది, ప్లేట్‌లెట్లు ఖర్చవుతున్నాయి. మూర్ఛ రాకుండా మందు ఎక్కిస్తున్నాం. అసలు మందు మాత్రం బిడ్డను బయటికి తీయడమే. ముప్పై నాలుగు వారాలు దాటాయి, ఆగితే ఇద్దరికీ ముప్పు. కార్డులో అంకెలు చూసి, ఎలా కొలిచారని అడిగింది. చెప్పాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పక్కకు తిరిగి పడుకుంటే పైచెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంటుందని, అక్కడ ఎవరికి కొలిచినా తక్కువే వస్తుందని, జబ్బు తగ్గి కాదని చెప్పింది.

మీ దగ్గర కూడా అలాగే కొలిచి తిప్పి పంపారట కదా అన్నాను. ఆవిడ సంతకం పెట్టమని అల్లుడికి కాగితం ఇచ్చింది.

మూర్ఛ రాకుండా ఎక్కించిన మందుకు ఒళ్లంతా నిప్పులు పోసినట్టు ఉందని అమ్మాయి అరిచింది. ఆ అరుపు విని వదిన నా వైపు ఒక అడుగు వేసి, ఎవరి వైపు వేసిందో గుర్తొచ్చి, ఆగిపోయింది.

పొద్దువాలే వేళకు ఆపరేషను అయింది. ఆడపిల్ల. పదిహేడు వందల గ్రాములు. గాజుపెట్టెలో పెట్టారు. అల్లుడు అటు పరుగెత్తాడు. వదినా నేనూ ఇటు ఉండిపోయాం, మూసిన తలుపు ముందు. డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. బిడ్డ బయటికొచ్చినా ఒకటి రెండు రోజులు అంకె ఇంకా కిందికే పోతుంది. యాభై వేలకు దిగితే ఎక్కడ కుట్టు వేస్తే అక్కడ రక్తం ఆగకపోవచ్చు. ఆరు గంటలకోసారి చూడాలి.

ఆరు గంటలకోసారి నర్సు తలుపు తీసి ఒక చిన్న గొట్టం అందించేది. దాన్ని రోగి తాలూకు మనిషే ల్యాబుకు మోసుకెళ్లాలి, రెండు అంతస్తులు దిగి, ఆవరణ దాటి. నేనొకసారి, వదిన ఒకసారి. డెబ్బై ఒకటి. యాభై ఎనిమిది. ఎవరు కాగితం తెస్తే వాళ్లు అంకె గోడకు చెప్పేవాళ్లం. నాకూ ఆ అలవాటు పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం యాభై మూడు వేలు. రక్తం ఎక్కించడానికి సంచులు సిద్ధం చేశారు. అమ్మాయి చేతి మీద సూది గుచ్చిన చోటల్లా ఊదారంగు మచ్చలని అల్లుడు చూసొచ్చి చెప్పాడు. ఏ మనిషీ తిండి ముట్టలేదు. నేను మెట్లెక్కాను, దిగాను. ఎక్కడానికి పని లేదు, దిగడానికి పని లేదు. ఒక వార్డు బాయ్ ఏం కావాలని అడిగాడు. యాభై నాలుగు కావాలన్నాను. పిచ్చివాడనుకుని తప్పుకున్నాడు.

ఆ సాయంత్రం యాభై ఐదు. నేను నమ్మలేదు, మిషను తప్పయినా కావచ్చు.

మూడో రోజు తెల్లవారాక వదిన కాగితం తెచ్చింది. బల్ల మీద నా పక్కన, ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి కూర్చుంది.

"డెబ్బై నాలుగు" అంది. నాతోనే అంది. "నొప్పి కూడా తగ్గిందట. డాక్టరమ్మ గండం గడిచినట్టే అంది."

కాగితం తీసుకుని చదివాను. డెబ్బై నాలుగే.

"అమ్మాయి మాట్లాడుతోంది. అన్నీ అడుగుతోంది. వాళ్లమ్మ ఏ పూట అడిగింది, నువ్వు ఎంతసేపటికి వచ్చావు, ఆ సోడా తాగిందా లేదా. నాకేం తెలుసు? తెలియదన్నాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "నిన్ను లోపలికి రావద్దంది."

"ఎప్పుడు రమ్మంది?"

"అది చెప్పలేదు."

"నువ్వు?"

"నేనా? ఇన్నేళ్లూ నిన్ను చిన్న తప్పుకు తిట్టుకున్నాను. ఇప్పుడు పెద్దది తెలిసింది. దానికి సరిపడా తిట్టాలంటే ఇంకో ఇరవై ఆరేళ్లు కావాలి. అన్నాళ్లు ఉంటానో లేదో."

"క్షమించమని నేను అడగలేదు."

"అడగకు."

అడగను. అడిగినా వాళ్లు ఇవ్వకూడదు. సిస్టరుకు నేను ఇవ్వను. ఎర్ర సిరాతో రాసినవాడికీ ఇవ్వను. నాకు నేను ఇచ్చుకుని ఉంటే ఆ రోజు మూడు కాగితాలు నేల మీద పరిచేవాణ్ణి కాను. అమ్మాయి బతికి ఉంది కాబట్టి రావద్దంది. పోయినవాళ్లు ఆ మాట కూడా అనరు.

నర్సు తలుపు తీసి గొట్టం బయటికి చాచింది. వదిన వంతు. లేవబోయి మోకాలు పట్టుకుంది. ఉండమని చెప్పి నేను అందుకున్నాను. తలుపు సందులోంచి మంచం కాళ్లు కనిపించాయి, దుప్పటి అంచు కనిపించింది. అంతే. నర్సు తలుపు వేసింది.

గొట్టం ఇంకా వెచ్చగా ఉంది. పేరుకోకుండా మెల్లగా అటూ ఇటూ వంచుతూ మెట్లు దిగాను.